కానుకగా వచ్చిన విమానము: సమీక్షకుని ధర్మమును గూర్చి

ఒక వస్తువును కొనబోవువాడు ఆ వస్తువు గుణదోషములు ఎరిగినవాని మాటను ముందుగా అడుగుట లోకసహజము. ఎద్దును కొనువాడు పళ్ళు చూచి వయస్సు చెప్పగలవానిని వెంటబెట్టుకొని సంతకు పోవును. పెండ్లికి నగలు కొనువారు బంగారము తెలిసిన పెద్దను తోడు తీసికొని అంగడికి పోవుదురు. అట్లు తోడు వచ్చినవానికి అమ్మకందారు చాటుగా ఏదో ముట్టజెప్పెనని తెలిసినచో ఇక వాని మాటకు విలువ యెంత? వాడు నిజమే చెప్పియుండవచ్చును. ఎద్దు మంచిదే కావచ్చును, బంగారము మేలిమిదే కావచ్చును. అయినను మన మనస్సులో ఒక సందేహము పుట్టును. ఆ సందేహము న్యాయమైనదా, కాదా? న్యాయమైనచో దానికి నివారణ యేమి? ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

ఈ కాలమున ఆ తోడు వచ్చువాని స్థానమును సమీక్షకుడు ఆక్రమించియున్నాడు. పుస్తకము, చలనచిత్రము, చేతి ఫోను, హోటలు భోజనము, దేనికైనను ఒక సమీక్ష కలదు. వీనిలో మేము ఇచ్చట ఒక చిన్న రంగమును ఎన్నుకొనుచున్నాము. కంప్యూటరుపై విమానము నడుపు అభిరుచి గలవారికై కొందరు నిర్మాతలు అదనపు విమానములను తయారుచేసి అమ్ముచుందురు. వానిని సమీక్షించువారికి ఆ నిర్మాతలే ఉచితముగా ప్రతులు పంపుచుందురు. ఈ ఆచారము ధర్మసమ్మతమేనా అనునది ప్రశ్న. విషయము అల్పముగా తోచవచ్చును. కాని లోతు తక్కువైన నీటిలోనే అడుగు స్పష్టముగా కనిపించును.

సిమ్యులేటరు, దాని అనుబంధములు

నేల విడువకుండ విమానచాలనమును అభ్యసింపజేయు సాధనమునకు ఫ్లయిట్ సిమ్యులేటరని పేరు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనునతడు ఇట్టి యంత్రము నొకదానిని నిర్మించెను. అతని తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యములు తయారుచేయు కర్మాగారము కలదు. ఆ వాద్యములకు వాడు గాలితిత్తులనే లింక్ తన యంత్రమును అటునిటు వంచుటకు వినియోగించెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్షలాది వైమానికులు ఆ యంత్రముపైననే తొలిపాఠములు నేర్చిరి.

1970వ దశకము చివర బ్రూస్ ఆర్ట్‌విక్ అను ఇంజనీరు ఈ విద్యను ఇంటి కంప్యూటరు తెరపైకి తెచ్చెను. అతడు రూపొందించిన దానిని మైక్రోసాఫ్ట్ సంస్థ 1982లో తన పేరున వెలువరించెను. ఆ పరంపర 2006 వరకు సాగి, 2009లో ఆ విభాగము మూతపడుటతో కొంతకాలము ఆగిపోయెను. తరువాత ఫ్రాన్సు దేశపు అసోబో సంస్థ చేతిలో అది 2020లో మరల ప్రాణము పోసికొనెను. 2024 నవంబరులో మరియొక నూతన రూపము వెలువడెను. ఆస్టిన్ మేయర్ సృష్టించిన ఎక్స్‌ప్లేన్ అనునది దీనికి చిరకాల ప్రతిస్పర్ధి. 2020 నాటి సిమ్యులేటరు ఉపగ్రహ చిత్రముల సహాయమున భూగోళమంతయు చూపుచున్నది. కావున అభ్యాసకుడు శంషాబాదులో లేచి హుసేన్ సాగరము మీదుగా పోయి, బంగాళాఖాతము దాటి ఎచ్చటనైనను దిగవచ్చును.

సిమ్యులేటరుతో పాటు కొన్ని విమానములు లభించును. కాని అభిరుచి ముదిరినవారికి అవి చాలవు. నిజమైన బోయింగు విమానములో ఒక మీట నొక్కినచో ఏ పంపు తిరుగునో, ఏ దీపము వెలుగునో, ఇంధనము ఏ గొట్టము గుండ పోవునో, అంతయు యథాతథముగా కావలెనని వారు కోరుదురు. ఆ కోరికను తీర్చుటకు ప్రత్యేక సంస్థలు వెలసినవి. అవి తయారుచేయు అదనపు విమానములకు, విమానాశ్రయ దృశ్యములకు యాడాన్‌లని వ్యవహారము. మనము అనుబంధములని చెప్పుకొందము. పి.ఎం.డి.జి. సంస్థవారి బోయింగు 737, ఫీనిక్స్ సంస్థవారి ఎయిర్‌బస్ 320 ఇట్టివానిలో ప్రసిద్ధములు. ఆ రెండును 2022 మే నెలలోనే నూతన సిమ్యులేటరుకై వెలువడెను.

వీని వెల స్వల్పము కాదు. పెద్ద విమానములకు 50 నుండి 75 డాలర్ల వరకు ఉండుట సామాన్యము. అనగా మన రూపాయలలో నాలుగు వేల పైచిలుకు మొదలు ఆరు వేల పైచిలుకు వరకు. 2020లో సిమ్యులేటరు సామాన్య ప్రతి వెలయే 60 డాలర్లు. అనగా గుఱ్ఱము వెలకంటె జీను వెల మిన్నగుట కూడ కలదన్నమాట! పైగా ఈ వస్తువును చేతితో తాకి చూచుటకు వీలులేదు. చిత్రములలో అన్నియు అందముగనే కనిపించును. స్వయంచాలక యంత్రము విమానమును దింపు మార్గమును సరిగా పట్టుకొనునా, ఎత్తునుండి దిగు లెక్క తప్పక కట్టునా, సామాన్యమైన కంప్యూటరుపై తెర తడబడకుండ నడచునా అను విషయములు అనేక గంటలు నడిపిన తరువాత గాని బయటపడవు. కొని దింపుకొనిన పిదప తిరిగి యిచ్చి డబ్బు పుచ్చుకొనుట కష్టము. అందుచేతనే కొనుగోలుదారు సమీక్షకుని ఆశ్రయించుచున్నాడు. నెలల తరబడి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన అయిదు వేలను ఒక విమానముపై వెచ్చింపనున్న విద్యార్థిని ఊహించుకొనుడు. అతనికి ఆధారము ఆ సమీక్ష యొక్కటే.

ఉచిత ప్రతి ఎట్లు వచ్చును?

నిర్మాత ఒక అనుబంధమును సిద్ధపరచి, విడుదలకు కొన్ని దినములకు ముందు పేరుపొందిన సమీక్షకులకు ప్రతులు పంపును. కొన్ని సందర్భములలో సమీక్షకుడే ఉత్తరము వ్రాసి కోరును. ఫలానా తేదీకి పూర్వము ఏమియు ప్రకటింపరాదను నియమ మొకటి ఉండవచ్చును. ప్రతి అనగా ఇచ్చట పుస్తకమువలె బరువుగల వస్తువు కాదు. కొన్ని అక్షరముల తాళపుచెవి మాత్రమే. దానిని పంపుటకు నిర్మాతకు అయ్యెడు ఖర్చు దాదాపు శూన్యము. పుచ్చుకొనువానికి మాత్రము అది 70 డాలర్ల వస్తువు. ఇచ్చువానికి ఖర్చులేని కానుక, పుచ్చుకొనువానికి విలువగల కానుక! ఈ రంగమునకుగల ప్రత్యేకత యిదియే.

ఇది నూతనాచారమేమియు కాదు. మన పత్రికలు కూడ గ్రంథసమీక్షకు రెండు ప్రతులు పంపవలసినదని రచయితలను కోరుట తరతరములుగా వచ్చుచున్నది. చలనచిత్ర విమర్శకులకు ముందుగా ప్రదర్శన వేయుటయు కలదు. పుస్తకము చదువనిదే సమీక్ష వ్రాయలేము గదా! కావున ఉచిత ప్రతి అనినంతనే దానిని లంచమని నిందించుట తగదు. అది సమీక్షకుని పనిముట్టు. కమ్మరికి ఇనుమిచ్చి కత్తి చేయుమనుటవంటిదే ఇదియును.

అయితే కమ్మరికిచ్చిన ఇనుము కత్తియై తిరిగి యజమాని యింటికే పోవును. సమీక్షకునికిచ్చిన విమానము అతనియొద్దనే యుండిపోవును. సమీక్ష ముగిసిన పిదపయు దానిని అతడు సంవత్సరముల తరబడి నడుపుకొనవచ్చును. అతడు వేతనము లేకుండ, అభిరుచి కొలది వ్రాయువాడైనచో ఆ విమానమే అతని శ్రమకు దక్కిన కూలి యగును. ఆ కూలి ఇచ్చినవాడు పాఠకుడు కాదు, పత్రికాధిపతి కాదు, అమ్మకందారు.

తఖ్రీజు, తబ్సిరా

మన కళాశాల ఉర్దూ, తెలుగు భాషల సంగమస్థానము గనుక ఇచ్చట ఒక సాహిత్య భేదమును స్మరించుట ప్రయోజనకరము. ఉర్దూ, పారసీ సాహిత్యములలో తఖ్రీజు అనునది ఒకటి, తబ్సిరా అనునది వేరొకటి. గ్రంథకర్త తన గ్రంథమునకు ఒక పెద్దను అర్థించి వ్రాయించుకొను ప్రశంస తఖ్రీజు. స్వతంత్రుడైన విమర్శకుడు గుణదోషములను వివరించునది తబ్సిరా. తెలుగునను గ్రంథాదిని ముద్రించు అభిప్రాయములు వేరు, పత్రికలో వచ్చు సమీక్ష వేరు. మొదటిదానిలో స్తుతి యుండునని చదువరికి ముందే తెలియును గనుక మోసము లేదు. తఖ్రీజును తబ్సిరాగా నమ్మించినప్పుడే మోసము కలుగును. నేడు అనుబంధముల విషయమున జరుగు అన్యాయములో అధికభాగము ఈ వేషము మార్చుటలోనే యున్నది.

ఈ సందర్భమున మీర్జా గాలిబు జీవితములోని ఒక ఘట్టము మరువరానిది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ తన యౌవనమున అబుల్ ఫజలు రచించిన ఆయీనె అక్బరీని ఎంతో శ్రమకోర్చి పరిష్కరించెను. 1855 ప్రాంతమున దానికి తఖ్రీజు వ్రాయవలసినదిగా గాలిబును కోరెను. ఇరువురికిని స్నేహము కలదు, వంశముల మధ్య పరిచయము కలదు. నాలుగు మంచిమాటలు వ్రాసియిచ్చుట గాలిబువంటి కవికి క్షణకాలపు పని. కాని అతడు పారసీ పద్యములలో తన నిజాభిప్రాయమునే వ్రాసెను. గతించిన పాలన వ్యవస్థపై ఇంత శ్రమ యేల, ఆవిరి ఓడలను తంతి వార్తలను తెచ్చిన నూతన యుగమును చూడుమని అందలి భావము. సర్ సయ్యద్ దానిని తన గ్రంథమున ముద్రింపలేదు. గాలిబు తీర్పు సరియైనదా, ఆ పరిష్కరణకు చారిత్రకముగా విలువ లేదా అనునది వేరు చర్చ. స్తుతికై పిలిచినచోట కూడ కలమును అమ్మనివాడు ఒకడుండెనని మనము గుర్తింపవలెను. అట్టి కలము వెల యేమో కూడ గుర్తింపవలెను. ఆ వెల యేమనగా అచ్చుకాకపోవుట!

కానుక మనస్సుపై చేయు పని

‘నాకు ఉచితముగా వచ్చినంత మాత్రమున నేను పక్షపాతినగుదునా? నా అభిప్రాయము నాదే’ అని సమీక్షకులు తరచుగా అనుచుందురు. వారు అబద్ధమాడుచున్నారని మేము తలపము. వారు నిజముగనే అట్లు నమ్ముచున్నారు. చిక్కంతయు ఆ నమ్మకములోనే కలదు.

1971లో డెన్నిస్ రీగన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో ఒక ప్రయోగమును ప్రకటించెను. ఒకడు తోటివానికి అడుగకయే ఒక శీతల పానీయము తెచ్చి యిచ్చును. కొంత సేపటికి తన లాటరీ చీట్లను కొనుమని వానిని కోరును. పానీయము పుచ్చుకొననివారికంటె పుచ్చుకొన్నవారు సుమారు రెట్టింపు చీట్లు కొనిరి. పుచ్చుకొన్నది స్వల్పము, అడిగి పుచ్చుకొన్నదియు కాదు. అయినను మనస్సులో ఒక ఋణభావము నాటుకొనెను.

ఈ విషయమున లోతైన పరిశోధనలు వైద్యరంగమున జరిగినవి. మందుల సంస్థలు వైద్యులకిచ్చు కానుకలను గూర్చి 2001లో వెలువడిన ఒక అధ్యయనములో శిక్షణ పొందుచున్న వైద్యులను ప్రశ్నించిరి. తాము వ్రాయు మందుచీటీలపై ఆ కానుకల ప్రభావ మేమియు లేదని 61 శాతము మంది చెప్పిరి. తోటి వైద్యులును అట్లే చెక్కుచెదరకుండ ఉందురా అని అడుగగా, అవునన్నవారు 16 శాతము మాత్రమే! ప్రతివాడును తాను తప్ప తక్కినవారు కానుకకు లొంగుదురని తలచుచున్నాడు. 2016లో అమెరికా వైద్య పత్రికలో ప్రకటితమైన మరియొక అధ్యయనము రెండు లక్షల డెబ్బది తొమ్మిది వేలకు పైబడిన వైద్యుల లెక్కలను పరిశీలించెను. మందుల సంస్థ పెట్టిన ఒక్క పూట భోజనము స్వీకరించిన వైద్యులలో కూడ ఆ సంస్థ మందును వ్రాయుట అధికముగా కనిపించెను. ఆ భోజనములలో అధికభాగము 20 డాలర్ల లోపువే. భోజనమే దానికి కారణమని ఆ అధ్యయనము నిరూపింపలేదు, సంబంధమును మాత్రమే చూపినది. ఇంతటి జాగ్రత్తతో చెప్పినను విషయము ఆలోచింపదగినది. మనుష్యుల ప్రాణములతో పనిగల వైద్యుల స్థితియే అట్లుండగా, 70 డాలర్ల విమానము పుచ్చుకొన్న ఔత్సాహికుడు తనకు మాత్రము కానుక అంటదని ధీమాగా చెప్పగలడా?

పక్షపాతమనగా అబద్ధము వ్రాయుట మాత్రమే కాదు. దాని రూపములు సూక్ష్మములు. లోపము కనిపించినప్పుడు ‘తరువాతి సవరణలో సరిచేయుదురు లెమ్ము’ అని సరిపెట్టుకొనుట ఒకటి. దోషమును వ్యాసాంతమున ఒక్క వాక్యములో చెప్పి గుణమును తొలిపుటలో వర్ణించుట రెండవది. వెలను గూర్చి మౌనము వహించుట మూడవది. ఇది మిక్కిలి ముఖ్యము. తన డబ్బు పెట్టి కొన్నవాడు ‘ఇది ఆరు వేలకు తగునా?’ అని ప్రతి లోపము చూచినప్పుడెల్ల తన్ను తాను ప్రశ్నించుకొనును. ఉచితముగా పుచ్చుకొన్నవానికి ఆ ప్రశ్న తోచనే తోచదు. చేదు మ్రింగనివాడు మందు రుచిని వర్ణించినట్లుండును.

చిన్న సమాజము, పెద్ద మొగమాటము

ఈ రంగమున కానుక బలమును హెచ్చించు కారణములు మరికొన్ని కలవు. సిమ్యులేటరు ప్రియుల లోకము చిన్నది. నిర్మాతలు కొద్దిమంది, పేరుగల సమీక్షకులును కొద్దిమంది. ఒకరినొకరు ఎరిగినవారు, ప్రదర్శనలలో కలిసికొనువారు. కొందరు సమీక్షకులు విడుదలకు పూర్వము అదే అనుబంధమును పరీక్షించి తప్పులు దిద్దుటలో సహాయపడినవారు. తాను దిద్దిన పరీక్ష పత్రమునకు తానే మార్కులు వేయుట యెట్టిదో ఇదియు అట్టిది.

రెండవది, ముందుగా అందుట. విడుదల దినముననే వెలువడు సమీక్షను వేలమంది చూతురు. పది దినములు గడచిన పిదప వచ్చినదానిని చూచువారు అరుదు. కటువుగా వ్రాసినవానికి తరువాతి ప్రతి రాకపోవచ్చును. ఎవరును బెదిరింపనక్కరలేదు. ‘ఈ మారు జాబితాలో మీ పేరు లేదు’ అను మౌనమే చాలును. కావున అసలు కానుక చేతిలోనున్న విమానము కాదు, రానున్న విమానము.

పెద్ద రంగములలో ఇది ఎంతవరకు పోవునో చూపు ఉదంతములు కలవు. 2007లో అమెరికాలోని గేమ్‌స్పాట్ అను ఆటల సమీక్షా సంస్థ తన సీనియరు సంపాదకుడు జెఫ్ గెర్స్ట్‌మన్‌ను ఉద్యోగమునుండి తొలగించెను. తమకు భారీగా ప్రకటనలిచ్చిన ఒక ఆటకు అతడు సామాన్యమైన మార్కులు వేసిన కొద్దికాలమునకే ఇది జరిగెను. ప్రకటనదారుల ఒత్తిడియే అందుకు కారణమని 2012లో అతడు బహిరంగముగా వివరించెను. 2016లో వార్నర్ బ్రదర్స్ సంస్థపై అమెరికా వాణిజ్య సంఘము ఒక అభియోగము మోపి రాజీపత్రముతో ముగించెను. 2014 నాటి ఒక ఆటను గూర్చి మంచిగా మాటలాడుటకు ఆ సంస్థ వీడియోలు చేయువారికి ముందస్తు ఉచిత ప్రతులను, డబ్బును ఇచ్చెననియు, ఆటలోని లోపములు చూపరాదని షరతు పెట్టెననియు, ఆ సంబంధము ప్రేక్షకులకు సరిగా తెలియలేదనియు అభియోగము.

మా రంగముననే 2018 ఫిబ్రవరిలో జరిగినది వేరొక విధమైన పాఠము. ఫ్లయిట్ సిమ్ ల్యాబ్స్ అను సంస్థవారి ఎయిర్‌బస్ అనుబంధమును కంప్యూటరులో స్థాపించు ఫైలులో, క్రోమ్ బ్రౌజరు దాచిన రహస్య పదములను వెలికిదీయగల భాగము ఇమిడియున్నదని తేలెను. దొంగ ప్రతులు వాడువారిని పట్టుటకే దానిని ఉంచితిమని సంస్థ చెప్పెను. నిరసన పెల్లుబుకగా దానిని తొలగించి క్షమాపణ చెప్పెను. దీనిని వెలుగులోకి తెచ్చినది ఒక వినియోగదారుడు. విమానము రెక్కల మెరుపును వర్ణించుట మాత్రమే సమీక్ష కాదనియు, మూటవిప్పి అడుగున ఏమున్నదో చూచు పనియు ఎవరో ఒకరు చేయవలెననియు ఈ ఉదంతము తెలుపుచున్నది. ఆ పని చేయుటకు ఎవరి మొగమాటమును లేనివాడు కావలెను.

ఒక ప్రాచీన గీటురాయి

కానుక యంతయు చెడ్డదా? కాదు. కానుకలు ఇచ్చిపుచ్చుకొనుట వలన ప్రేమ వృద్ధియగునని ఇస్లాము బోధించుచున్నది. మన పండుగలలో పక్కయింటికి పంపు సేమ్యా పాయసమునకు, తిరిగి వచ్చు అరిసెలకు లెక్క లెవరు వ్రాసికొందురు? మరి ఏ కానుక మంచిది, ఏది కాదు? దీనికి గీటురాయి వంటి ఘట్టమొకటి సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం హదీసు గ్రంథములలో కలదు.

మహాప్రవక్త (స) ఇబ్నుల్ లుత్బియ్యా అనువానిని జకాతు వసూలుకై పంపిరి. అతడు తిరిగివచ్చి వసూలు చేసినదానిని రెండు భాగములుగా చేసి, ఇది మీకు చెందినది, ఇది నాకు కానుకగా వచ్చినది అని చెప్పెను. ప్రవక్త (స) అసంతృప్తి చెంది సభలో ప్రసంగించిరి. అతడు తన తల్లిదండ్రుల యింటనే కూర్చుండియున్నచో ఆ కానుక అతనికి వచ్చియుండెడిదో లేదో చూచుకొనవలసినదని వారి బోధ సారాంశము.

ఎంత సూక్ష్మమైన పరీక్ష! ఇచ్చినవాని ఉద్దేశమును తవ్వనక్కరలేదు. పుచ్చుకొన్నవాని హృదయమును కొలువనక్కరలేదు. ఆ స్థానములో లేనిచో ఆ కానుక వచ్చెడిదా అని అడిగిన చాలును. సమీక్షకుడు నేడు కలము మూసి ఊరక కూర్చుండినచో ఆ విమానములు అతని యింటికి ఎగిరి వచ్చునా? రావు. కావున అవి అతనికి వచ్చినవి కావు, అతనిని నమ్మిన పాఠకుల మూలమున వచ్చినవి. ఆ నమ్మకము అతని సొంత ఆస్తి కాదు, పాఠకులు అతనియొద్ద ఉంచిన అమానతు.

ఈ గీటురాయి మరియొక చిక్కును గూడ విప్పుచున్నది. ఫ్లయిట్ గేర్ అను సిమ్యులేటరు, ఫ్లైబైవైర్ బృందమువారి ఎయిర్‌బస్ 320 ఎల్లరకును ఉచితములే. వానిని సమీక్షించువాడు డబ్బు చెల్లింపలేదు గదా, అతడును ఋణస్థుడేనా? కాడు. ఇంట కూర్చున్న ప్రతివానికిని అవి లభించును. ‘ఉచితము’ అనునది దోషము కాదు. అందరికి లేనిది తన స్థానమువలన తనకు మాత్రమే లభించుట యందే దోషమునకు బీజము కలదు.

చట్టము చెప్పునది

లోకములోని ప్రభుత్వములు ఈ విషయమును క్రమముగా గుర్తించుచున్నవి. అమెరికా వాణిజ్య సంఘము 2009లో సవరించిన మార్గదర్శక సూత్రములలో ఒక ఉదాహరణ మనవంటి విద్యార్థులకు మిక్కిలి ఆసక్తికరము. ఆటలయందు నిపుణుడని పేరుపొందిన ఒక కళాశాల విద్యార్థికి ఒక సంస్థ తన నూతన ఆట యంత్రమును ఉచితముగా పంపి, దానిని గూర్చి వ్రాయుమని కోరినదనుకొనుడు. అది తనకు ఉచితముగా వచ్చినదని ఆ విద్యార్థి స్పష్టముగా చెప్పవలెనని ఆ సూత్రము ఆదేశించుచున్నది.

మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2020లో ఏర్పడెను. తప్పుదారి పట్టించు ప్రకటనలను, సిఫారసులను నివారించుటకు 2022 జూనులో మార్గదర్శకములు వెలువడెను. 2023 జనవరిలో వినియోగదారుల వ్యవహారముల శాఖ మరింత వివరముగా ఒక కరదీపికను ప్రకటించెను. డబ్బు మాత్రమే కాక ఉచిత వస్తువులు, రాయితీలు, కానుకలు, ప్రయాణములు, బంధుత్వము, ఉద్యోగ సంబంధము మొదలగునవన్నియు చెప్పవలసిన సంబంధములే. సిఫారసు ఏ భాషలో చేయుదురో ఆ భాషలోనే ఆ విషయమును తెలుపవలెను. అనగా తెలుగులో పొగడి ఆంగ్లములో చిన్న అక్షరములతో తప్పించుకొనరాదు. తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మరల చేసినచో యాబది లక్షల వరకు జరిమానా విధించు అధికారము చట్టము క్రింద కలదు.

అయితే వెల్లడించినంత మాత్రమున కథ ముగియునా? 2005లో కెయిన్, లోవెన్‌స్టయిన్, మూర్ అను మువ్వురు పరిశోధకులు ఒక ప్రయోగమును ప్రకటించిరి. గాజుకూజాలోని నాణెముల విలువను ఒకడు దగ్గరగా చూచి సలహా చెప్పవలెను. రెండవవాడు ఆ సలహాను బట్టి అంచనా కట్టవలెను. అంచనా హెచ్చిన కొలది సలహాదారుకు లాభము. ఈ సంగతిని ముందుగా వెల్లడించినప్పుడు సలహాదారులు తగ్గుటకు మారుగా మరింత హెచ్చించి చెప్పిరి. విన్నవారు ఆ హెచ్చును తగినంత తగ్గించుకొనలేకపోయిరి. ‘ముందే చెప్పితిని గదా’ అను ధైర్యము మనిషిని మరి కొంత విశృంఖలుని చేయునని భావింపవచ్చును. వెల్లడించుట వాకిలి వంటిది. వాకిలి లేనిదే ఇల్లు లేదు, కాని వాకిలియే ఇల్లు కాదు.

మరి ఏమి చేయవలెను?

అన్నిటికంటె ఉత్తమమైన మార్గము సొంత డబ్బుతో కొని పరీక్షించుట. 1936లో అమెరికాలో స్థాపితమైన వినియోగదారుల సంఘము, తాను వెలువరించు కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికకై పరీక్షించు వస్తువులను అంగడిలో సామాన్యునివలె కొనుటయే నియమముగా పెట్టుకొనెను. కాని అది చందాదారుల బలముగల పెద్ద సంస్థ. జీతము లేని ఔత్సాహికుడు నెలకు నాలుగు విమానములు కొనలేడు. ఉచిత ప్రతులను పూర్తిగా నిషేధించినచో ధనవంతులు మాత్రమే సమీక్షకులగుదురు. అదియు న్యాయము కాదు. కావున మధ్యేమార్గముగా మాకు తోచిన నియమములివి.

మొదటిది, ప్రతి ఎవరిచ్చిరో సమీక్ష తొలి వాక్యముననే, చదువరి భాషలోనే చెప్పవలెను. రెండవది, ప్రతి సమీక్షకుని పేర గాక పత్రిక పేర రావలెను. ఎవరు సమీక్షింపవలెనో నిర్మాత కాక సంపాదకుడే నిర్ణయింపవలెను. మూడవది, అచ్చునకు పూర్వము నిర్మాతకు సమీక్షను చూపరాదు. వాస్తవ దోషములను సరిచూచుకొనుటకు ప్రశ్నలడుగవచ్చును గాని తీర్పును చూపరాదు. నాల్గవది, నిర్మాణమున పరీక్షకుడుగా పాల్గొన్నవాడు సమీక్ష వ్రాయరాదు. అయిదవది, వెలను గూర్చి విధిగా వ్రాయవలెను, ‘నా డబ్బుతో దీనిని కొందునా?’ అను ప్రశ్నకు సూటిగా సమాధానము చెప్పవలెను. ఆరవది, కొన్ని నెలల పిదప సామాన్య కొనుగోలుదారుని ప్రతితో మరల పరీక్షించి, వాగ్దానము చేసిన సవరణలు వచ్చినవో లేవో తెలుపవలెను. నిర్మాతలకును ఒక ధర్మము కలదు. కటువుగా వ్రాసినవానికి కూడ తరువాతి ప్రతిని పంపుటయే తమ వస్తువుపై తమకు గల విశ్వాసమునకు నిదర్శనము.

ముగింపు

ఇదంతయు దూరదేశముల వినోదమునకు సంబంధించిన ముచ్చట యని మిత్రులు కొట్టివేయరాదు. నేడు ఫోను చేతనున్న ప్రతి విద్యార్థియు ఒక సమీక్షకుడే. నూతన హోటలు యజమాని పిలిచి బిర్యానీ పెట్టి నాలుగు మాటలు చెప్పుమనును. కోచింగు కేంద్రమువారు రుసుములో కొంత తగ్గించి పొగడ్త వ్రాయుమందురు. అప్పుడు మన మాటను నమ్మి డబ్బు పెట్టువాడు మన తోటి విద్యార్థియే, మన పేటవాడే. ఈ సంచిక చివరిపుటలలో వర్తకులు అభినందనలతో ఇచ్చిన ప్రకటనలు ఉండుట కలదు. అవి ప్రకటనలని అందరకును తెలియును గనుక అందు దోషము లేదు. అవే మాటలను మేము వ్యాసములో చొప్పించి మా అభిప్రాయములుగా చెలామణి చేసినచో దోషము. ప్రకటనకును వ్యాసమునకును నడుమ ఒక్క గీత కలదు. ఆ గీతను కాపాడుటయే సమీక్షకుని ధర్మము.

సంతకు తోడు వచ్చినవాడు ఎద్దు పళ్ళు చూచి ఉన్నమాట చెప్పవలెను. వానికి దారిఖర్చు, పూట భోజనము ఎవరు పెట్టిరో కొనువానికి తెలియవలెను. ఈ రెండును జరిగిననాడు కానుకగా వచ్చిన విమానమును గూర్చియు నిజము వ్రాయవచ్చును. రెండవది జరుగనిచో మొదటిది జరిగినను నమ్మువా డుండడు. ట్యూషను డబ్బు కూడబెట్టుకొన్న ఆ విద్యార్థి మన మాట నమ్మి ఒకసారి మోసపోయినచో, తరువాత మనము చెప్పు నిజమును కూడ నమ్మడు. ఆ నష్టము ముందు 70 డాలర్లు ఏపాటివి?